తలగడ కింద కత్తెర

పర్లాకిమిడి పెద్దాసుపత్రి వసారాలో
నర్సు సంజుక్త తలుపు ఓరగా తీసి
"ఝియొ" అంది.
నాకు ఒడియా వచ్చు. పన్నెండేళ్లుగా
జాకెట్ల బేరం సగం ఆ భాషలోనే.
అయినా ఆ ఒక్క మాట లోపలికి దిగడానికి
గోడమీది బల్లి ట్యూబులైటు దాటేంత సేపు పట్టింది.
కూతురు.

రెండు కిలోల ఆరు వందలు.
గౌరంగ సాహు కొట్టు నుంచి ముందురోజే
అంతకు రెట్టింపు ఉల్లిపాయలు మోసుకొచ్చాను.
అప్పుడు చేతులు వణకలేదు.

ఇంటికి తెచ్చిన పూట మా అమ్మ అడిగింది
బిడ్డను కాదు, నా కత్తెరని.
"ఇలాగ తే. పక్కలో ఇనుము ఉండాల.
గాలీ ధూళీ సోకకండా."
పదంగుళాల కత్తెర. నాన్న బరంపురంలో కొన్నది.
పిడిలో ఆయన బొటనవేలు అరగదీసిన పల్లం
నా వేలికి అచ్చంగా సరిపోతుంది.
తలగడ కింద దూర్చేసింది,
ఇరవయ్యొక్కో రోజుదాకా ముట్టొద్దని.

పెళ్లిళ్ల రోజులు.
కొట్లో పదిహేడు జాకెట్లు,
బ్యాండు మేళం వాళ్ల ఎర్రకోట్లు,
బిస్వాల్ మాస్టారి లాల్చీ, చేతులింకా అతకనిది.
"ఇంకోటి కొనుక్కోవచ్చు కదా" అంది దమయంతి.
కొనొచ్చు.
ఎందుకో కొనలేదు.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు.
ఏడో నెల నుంచి రాత్రిళ్లు షట్టరు సగం దించి
ఒక గౌను కుట్టాను. నిమ్మపండు రంగు పాప్లిన్,
మెడచుట్టూ కుచ్చులు, వెనక మూడు గుండీలు.
అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి
ట్రంకుపెట్టెలో వేసి మూత పెట్టింది.
"అప్పుడే కొత్తబట్టేటి, ఎర్రిగుంటడా?
పాతగుడ్డే మెత్తన."
ఊళ్లో సగం బళ్లకి యూనిఫారాలు కుట్టినవాడి బిడ్డ
మా తాత పంచె ముక్కలో పడుకుంది.
చింపే పని నాదే.
కత్తెర లేదు. అంచు పళ్లతో కొరికి లాగాను.
పాతనేత ఎంత తిన్నగా చినుగుతుందో
అప్పుడు తెలిసింది.

ఇంటినిండా వాము, వెల్లుల్లి,
ఆరీ ఆరని గోచీల వాసన.
తొమ్మిదో రాత్రి ఎంతకీ ఊరుకోలేదు.
సాహు భార్య గోడవతల నుంచి ఒడియాలో లాలించింది,
అమ్మ తెలుగులో దిష్టి తీసింది,
గుంట రెండు భాషలూ వినలేదు.
దమయంతి గోడకానుకుని, నావైపు చూడకుండా,
"నాకు దీనిమీద ప్రేమ ఇంకా రాలేదు.
భయం ఒకటే వస్తోంది" అంది.
నాక్కూడా, అనాలనుకున్నాను.
అనకుండా పిల్లని ఒళ్లోకి తీసుకున్నాను.
ఏం చెయ్యాలో తెలియక
పాదాలు వాటంతట అవే కదిలాయి,
మడమ, మునివేళ్లు, మడమ, మునివేళ్లు,
కింద మిషను ఉన్నట్టే.
లేని సూది లేని గుడ్డలో దిగుతూ ఉంది.
కాసేపటికి పిల్ల నిద్రపోయింది.
దమయంతి నవ్విందో ఏడ్చిందో
చీకట్లో పోల్చుకోలేకపోయాను.
తెల్లారేదాకా తొక్కాను.

ఇరవయ్యొక్కో రోజు కత్తెర బయటికొచ్చింది,
అలుగుమీద చిన్న తుప్పుమచ్చతో.
గౌనూ బయటికొచ్చింది.
చంకల్లో పట్టేసింది.
ఎవరి పిల్లలకైనా లోపల అంగుళం వదులుతాను,
పెరుగుతారు కదమ్మా అని వాళ్లకే చెబుతాను.
దీనికే మరిచాను.
సంజుక్త నర్సు చేసినంత జాగ్రత్తగా
పక్కకుట్లు ఒక్కొక్కటే విప్పాను.

తర్వాత టేపు తీశాను.
చల్లగా తగిలిందేమో, కాళ్లు ముడుచుకుంది.
కొలతల పుస్తకంలో బిస్వాల్ మాస్టారి కింద
పేరింకా కుదరలేదు గనక
'మా గుంట' అని రాసి
ఛాతీ పద్నాలుగు అని వేశాను.

పెన్సిలుతో.