ఎర్ర తొమ్మిది

వన్ టౌన్‌లో, మూసేసిన మాల్‌ఖానా వెనక గదిలో
రెండు మౌజర్లు. కవలలు.
కవ్వానికి పెట్టినట్టు గుండ్రటి పిడి,
హార్బరు గాలికి ఒకే తుప్పు.

రిజిస్టరులో "అదే, అదే" అని రాసుకుపోతుంటే
ఆర్మరర్ పిల్లా దానయ్య, రిటైరై పదకొండేళ్ళు,
నా పెన్ను పట్టి ఆపాడు.
"అదే ఏటమ్మా? సూడు."

మందు తీసేసిన రెండు తూటాలు అరచేతిలో పెట్టాడు.
ఒకదానికి మెడ ఉంది, సీసాకున్నట్టు:
ఏడు పాయింటు అరవై మూడు.
రెండోది మెడలేని మనిషి. తొమ్మిది.
మధ్యన తేడా
బియ్యపుగింజ మందమూ ఉండదు.

"సీకట్లో, సెమట సేతుల్తో, సిపాయికేటి తెలుస్తాది?
అందుకే పిడిమీద తొమ్మిది సెక్కి
ఎర్రరంగు నింపినారు."

రంగు ఎప్పుడో పోయింది. ఉప్పు తినేసింది.
గాడి మాత్రం ఉంది.
కళ్ళు మూసుకుని బొటనవేలితో వెతికాను:
సున్నా చుట్టి కిందికి జారిన తోక.

ఎవరి వేలు ఇక్కడ ఆగిందో
ఎవరిది ఆగలేదో
రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

"అదే" కొట్టేశాను.
దానయ్య తూటాలు వెనక్కి తీసుకున్నాడు.
ఒకటి కుడి జేబులో,
ఒకటి ఎడమ జేబులో.