పెన్సిలు మాట

డిసెంబరు ఒకటిన అవెన్యూ రోడ్డులో
కన్నడ గైడ్ల కట్టల కింద
ముప్పై రూపాయలకు దొరికిన తెలుగు నవల.
నలభై ఒకటో పేజీ అంచున
ఎవరో పెన్సిలుతో రాసిపెట్టారు:
కాదు.

అంతే. ఎందుకు కాదో లేదు.
కొమ్ము దగ్గర ముల్లు విరిగినట్టుంది,
గీత అక్కడ మందం.

నెలంతా ఆ మనిషితోనే చదివాను.
బనశంకరి నుంచి యశవంతపురం దాకా మెట్రోలో,
రక్తం సీసాలకి లేబుళ్లు అంటించే మధ్యలో,
పీజీ మేడ మీద, ఆరని బట్టల కింద.
నాలుగు పుస్తకాలు, ఐదోది సగం.
ఒకటి ల్యాబులోనే ఏడిపించింది.
ఒకటి నిద్రపుచ్చింది, తప్పు నైట్ డ్యూటీది.
ప్రతి మంచి వాక్యం దగ్గరా ఆగి
ఆ మనిషి ఒప్పుకుంటుందా అని చూసేదాన్ని.
ఆడో మగో తెలీదు.
తేలిగ్గా ఒప్పుకోదని మాత్రం తెలుసు.

సాహిత్య ఉత్సవానికి
జబీన తన ఆదివారం సెలవు నాకిచ్చింది.
"రాసినోళ్లను చూసేదానికి కూడా టికెట్టా?" అని నవ్వింది.
టికెట్టు లేదు. మెడలో తాడు,
తాడుకి నా పేరు, ఒక అక్షరం తప్పుతో.

నాలుగు వేదికల్లో తెలుగుది క్యాంటీను వెనక.
పదిహేడు కుర్చీలు,
మూడింట్లో మా సంచులు కూర్చున్నాయి.
"చదవడమంటే ఒంటరితనం" అన్నాడాయన.
అందరం తలలూపాం.
గోడ అవతల కుక్కరు ఈల వేసింది.
చప్పట్లు కొడుతూనే
ఎవరికోసమో వెనక్కి తిరిగి చూశాను.
చెవి మీద పెన్సిలుతో ఒక్కడే ఉన్నాడు,
టీ గ్లాసులు లెక్కేసుకుంటున్న పిల్లాడు.

మైకు నా దాకా వచ్చింది.
గొంతులో రెండక్షరాలే ఉన్నాయి.
అది ప్రశ్న కాదు గదా అని
పక్కావిడకి అందించాను.
"మీరు పొద్దున రాస్తారా సార్, రాత్రా?"
అని అడిగిందావిడ.
ఆయన చాలాసేపు చెప్పాడు.

తిరుగు రైలు. మెజెస్టిక్ దగ్గర
ఆనుకోడానికి ఒక స్తంభం దొరికింది.
అక్కడ కొన్న పుస్తకం తెరిచాను.
తెల్లటి అంచులు, ఎవరూ నడవని చోటు.
పన్నెండో పేజీలో, మళ్లీ ఆ ఒంటరితనమే,
ఇంకొంచెం అందంగా.
బ్యాగంతా వెతికాను, పెన్సిలు లేదు.
లేబుళ్ల మీద రాసే నల్ల మార్కరుంది,
నీళ్లకీ స్పిరిట్‌కీ చెరగనిది.
మూత తీసి
అలాగే నిలబడ్డాను.

బనశంకరి ఎప్పుడు దాటిపోయిందో.
రెండు స్టేషన్ల అవతల దిగి
వేలికంటిన నల్లటి మరకని
లైటు కింద చూసుకున్నాను.