బాయిలర్స్, శనివారం రాత్రి

కావలి ట్రంకు రోడ్డు మీద
ఖాజావలి మిక్సీలు బాగుచేసే కొట్లో
బెంచీ ఒకటి, మనుషులం పదకొండు మంది.
పదిమంది మగాళ్ళు, నేను.
నా మిక్సీ రెండు వారాలుగా ఇక్కడే ఉంది,
దానికోసం వచ్చాననుకుంటున్నారు.

బిట్రగుంట రైల్వే ఇన్‌స్టిట్యూటు బీరువాని
పాత ఇనప సామానోళ్ళకి తూకానికేస్తే
అడుగున దొరికిందంట ఈ స్పూలు టేపు.
బూజు పట్టి, రెండు చోట్ల తెగి.
నెలన్నర పాటు స్పిరిట్టులో దూది ముంచి
పసిబిడ్డ చెవి తుడిచినట్టు తుడిచాడు ఖాజావలి.
డబ్బా మీద పెన్సిలు రాత:
బాయిలర్స్. శనివారం. డిసెంబరు డెబ్భై తొమ్మిది.

మీట నొక్కాడు.
ముందు వాన.
వాన కాదబ్బా, టేపు గీర.
"వానే," అన్నాడు మాలకొండయ్య, "ఆ రాత్రి తడిసిండాను నేను."
"నువ్వు తడిసింది చెమటకి."

అప్పుడు డెస్మండ్ కర్రలు రెండూ తాటించి
నాలుగు లెక్కపెట్టాడు.
ఫైర్‌మన్ కొడుకు.
అంకెల్ని కూడా బొగ్గు పారతో ఎత్తేసినట్టే వేస్తాడు.
పెంచలయ్య గిటారు, మద్రాసు నుంచి పార్సిలు పెట్టెలో
టిక్కెట్టు లేకుండా వచ్చిన అద్దె గిటారు,
ఒక్క అరుపు అరిచింది.

చెంచురామయ్యకి షుగరు.
పాదాలకి స్పర్శ లేదంటాడు.
ఆ పాదమే అందరికంటే ముందు నేలని కొట్టింది.

"ఇది మూడో పాట."
"నాలుగు. మూడోది ఆ పొడుగుది, స్టేజి మీద పొగ వదిల్నారే."
"ఎవురూ వదల్లేదు. షెడ్డులో ఇంజను పొగ, కిటికీలోంచి వచ్చింది."
"ఏమంటున్నాడు పాటలో?"
"అప్పుడూ తెలీదు."
"ఇంగ్లీషేనా?"
"పెంచలయ్య పది తప్పినోడు. నోటికేదొస్తే అది."
"గమ్మునుండండయ్యా రోంతసేపు!"

ఉన్నట్టుండి మస్తాన్ లేచి నిలబడ్డాడు.
"ఆ ఈల నాది!"
మూడుసార్లు వెనక్కి తిప్పించాడు,
ఇంట్లో నమ్మరని ఫోనులో పట్టుకున్నాడు.
ఇప్పుడు మస్తాన్‌కి ముందు పళ్ళు లేవు.
ఈలకి మాత్రం పందొమ్మిదేళ్ళే.

మాలకొండయ్య మొహం వేలాడేశాడు.
"ఇంతేనా? ఇంకా గట్టిగా ఉండేది.
ఆ పొద్దు ఇన్‌స్టిట్యూటు గోడలు కదిలినాయి.
ఇక్కడ మిక్సీ జారు కూడా కదల్లేదు."
ఎవరూ బదులు చెప్పలేదు.
అంతలో మద్రాసు మెయిలు కూత,
ఆగకుండా పోయే బండి,
పెంచలయ్య తీగని ఆ కూత దాకా లాగి పట్టుకుని
ఆఖరి పెట్టె దాటేదాకా వదల్లేదు.
మాలకొండయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

తర్వాత కరెంటు పోయింది.
ఇక్కడ కాదు, అక్కడ, ఆ రాత్రి.
గిటారు మధ్యలో చచ్చిపోయింది.
టేపు మాత్రం నడుస్తూనే ఉంది,
గార్డు డిక్రూజ్ గారి రికార్డరు ఆరు బ్యాటరీలది,
కిటికీ గూట్లో పెట్టింది.
చీకట్లో డెస్మండ్ ఒక్కడే వాయిస్తున్నాడు.

అప్పుడే, చెవి పక్కనే,
ఒక ఆడపిల్ల నవ్వు.

"ఎవురిది?"
"ఆడోళ్ళని లోపలికి రానీలేదే!"
"డెస్మండ్ చెల్లెలేమో."
"దానికి పొంగు, ఆ నెల్లో ఇల్లు కదల్లేదు."
"దెయ్యమబ్బా. షెడ్డు కాడ ఉండేది ఒకటి."

కిటికీ కింద ఇటికరాళ్ళు ఆరు పేర్చుకున్నాం
స్టెల్లా, నేను.
కరెంటు పోగానే అది జారి ఇసక బక్కెట్లో కూలబడింది.
నవ్వానని నాకు గుర్తే లేదు.
అంత గట్టిగా నవ్వుతానని కూడా.

చెంచురామయ్య వేలెత్తాడు.
"విన్నారా? ఆ నవ్వు కాగానే డెస్మండ్ ఒక దెబ్బ తప్పినాడు.
జన్మలో తప్పనోడు."
"చీకటి గదయ్యా."
"వాడికి చీకటేంది? కళ్ళు మూసుకునే వాయించేవాడు."

డెస్మండ్ అరక్కోణంలో పోయి పద్నాలుగేళ్ళు.
అడిగేదానికి లేదు.

ఖాజావలి నా వంక తిరిగాడు.
"మీ మిక్సీ రేపిస్తానక్కా. రాత్రయింది, పోతారా?"
"ఉంటాను," అన్నాను.
"మస్తాన్ ఈల మూడుసార్లు విన్నారు గదా,
ఆ తప్పు
ఇంకోసారి వెయ్యి."