పుచ్చు

ఉరవకొండలో బళ్ళారి రోడ్డు మిల్లు.
రేకుల షెడ్డు కింద పద్నాలుగు మందిమి
గోనెపట్టాల మీద కాళ్ళు చాపుకోని
చెనక్కాయ విత్తనాలు ఏరేటోళ్ళం.
కిలోకింత అని కూలి.
మాట్లాడుకుంటా ఏరుతాం, తగవులాడుకుంటా ఏరుతాం.
వన్నూరమ్మయితే కునికిపాట్లు పడతా ఏరేది.
కండ్లు మూతపడినా
వేళ్ళు మాత్రం పుచ్చును పక్కకు నెట్టేవి.

ఆ వైశాఖంలో లారీ వచ్చింది.
లారీలోంచి బీరువా అంత మిషను దిగింది.
మిషను వెనకాల కోయంబత్తూరు పిల్లోడు సెందిల్.
టెంకాయ కొట్టినారు, కుంకుమ పెట్టినారు.
సావుకారి మాకూ తలా ఒక కొబ్బరి ముక్క ఇచ్చినాడు.

"దీనికి కండ్లుండాయి గానీ చదువు లేదు,
మూడు దినాలు మీరే నేర్పల్ల" అన్నాడు పిల్లోడు,
సగం తెలుగులో, సగం చేతుల్తో.
మూడు దినాలూ రెట్టింపు కూలి.

మాలో పెద్దది దస్తగిరమ్మ.
ముప్పై ఏండ్లు ఏరిన చెయ్యి.
నీలం తట్టలో ఒక్కో విత్తు పెడతాది.
పైన దీపం ఎలుగుతాది, పిల్లోడు ఫోటో తీస్తాడు.
"ఇది?"
"మంచిది."
"ఇది?"
"ముడత. పాలు పట్టల్యా. ఊడలు దిగేటప్పుడు వాన ఎగ్గొట్టింది."
వాడు ముడత అని మాత్రం నొక్కినాడు.
వానను ఎక్కించేదానికి దాంట్లో మీట లేదంట.

"ఇది?"
ఆమె ఆ విత్తును అరచేతిలో ఎగరేసి పట్టింది.
మళ్ళా ఎగరేసి పట్టింది.
"బాగుండాది. గానీ బాగలేదు."
"ఎట్ల తెలిసె?"
"చేతికి తెలిసె."
పిల్లోడు నవ్వల్యా.
దాన్ని రాసేదానికి గడి కోసం చానాసేపు యెతికి
ఆఖరుకు ఆ విత్తును చొక్కా జేబులో ఏసుకున్యాడు.

మొదటి దినం మిషను
మంచివాటిని కూడా గంపలు గంపలు పారేసింది.
పైన ఎర్రమన్ను మరక ఉంటే చాలు, పుచ్చంట.
కొంగులు నోటికడ్డం పెట్టుకోని నవ్వినాం.
రెండో దినం తక్కువ నవ్వినాం.
సంతనాటికి నవ్వేదానికి ఏమీ మిగల్యా.
ఉఫ్ అని గాలి.
ఉఫ్, ఉఫ్.
విత్తనాలు వానమాదిరి కింద పడతానే ఉంటాయి,
పుచ్చు ఒక్కటే గాల్లోనే పక్కకు దూకుతాది.
మా పద్నాలుగు మంది వారం పని
దానికి ఒక పూట.

అబద్ధం చెప్పకూడదు, బాగా ఏరుతాది.
దానికి నడుం నొప్పి లేదు,
అత్తమీద చెప్పుకునేదానికి అత్త లేదు.
సావుకారి చెడ్డోడని కూడా అనను.
ఆయప్ప అప్పు తెచ్చి కొన్యాడు.
రాత్రిళ్ళు మిషను పక్కనే మంచం ఏసుకోని పండుకుంటాడు,
ఎలుకలు వైర్లు కొరుకుతాయని.
చిమ్మేదానికి ఒకర్ని, మూటలు కుట్టేదానికి ఒకర్ని పెట్టుకోని
మిగతావాళ్ళకు ఒక్కో సేరు విత్తనాలు కొలిచిచ్చి
మంచి మాటలే చెప్పి పంపినాడు.

మళ్ళా ఎండాకాలం.
ఉపాధి పనికి పోతాండాం, వంక గట్టున గుంతలు తీసేదానికి.
మేటు మల్లేశు ఒక్కొక్కర్నీ నిలబెట్టి
మొగం ముందర ఫోను పెడతాడు.
తిరనాల్లో గాజుల బేరమాడినట్ల
ఎండకు అటు జరుపుతాడు, ఇటు జరుపుతాడు.
మొగం సరిపోతేనే హాజరు, హాజరుంటేనే కూలి.
దస్తగిరమ్మ మొగం సరిపోల్యా.
ముసుగు తీసింది. చెమట తుడుచుకునింది.
చిన్నప్పటి ఫోటోలో మాదిరి నిలబడింది.
సరిపోల్యా.

వెనకనుంచి వన్నూరమ్మ
"ఉఫ్" అనింది.
గట్టు గట్టంతా నవ్వింది, మల్లేశు కూడా.
దస్తగిరమ్మ అందరికన్నా గట్టిగా నవ్వి
గడ్డపార తీసుకోని గుంతలోకి దిగింది.
కూలి పడదని తెలుసు. ఇంటికి పోయి ఏం చేసేది.

మధ్యాహ్నం తుమ్మచెట్టు నీడకు కూచున్యాం.
ఆమె కొంగు ముడి విప్పి వేయించిన విత్తనాలు పంచింది,
మల్లేశుకు కూడా పిడికెడు.
ఎక్కడో మబ్బు చూస్తా,
అల్లుని బండి రిపేరు గురించి చెప్తా,
వేళ్ళతో ఒక విత్తును తీసి పక్కన రాయి మీద పెట్టింది.
పొట్టు ఎర్రగా ఉండాది. నున్నగా ఉండాది.
ఎంత చూసినా వంక కనపడల్యా నాకు.

తీసుకోని కొరికినా.
చేదు.