గజంబద్ద

అంబర్‌పేట శ్మశానం గేటుకెదురుగ మా దుకాణం.
రాత్రి కూడ షట్టర్ సగమే దించుతం.

వచ్చినోళ్లు బేరమాడరు.
ఎంతంటే అంత, లెక్కపెట్టకుండ ఇస్తరు.
వాళ్ల చేతుల వణుకు చూసి ధర చెప్పేటోడు నాయిన.
నాలుగు గజాల బట్టని మూడున్నర,
గంధపు చెక్కని అత్తరు రుద్దిన సర్వి కట్టె,
నెయ్యని డాల్డా.
"కాలినంక రుజువేడుంటది బిడ్డా" అనేటోడు.

నాయిన పోయిన పొద్దు
తమ్ముడు మన దుకాణంల డబ్బానే తెచ్చిండు.
మూత తీసి వాసన చూసిన.
అయ్యగారు చెయ్యి చాపి నిలబడ్డడు.
నేనేం మాట్లాడలే.
చెప్పుల్లేకుండ సందు చివర కిరాణంకు ఉరికి
అర్ధకిలో అసలు నెయ్యి కొన్న,
రసీదు అడిగి మరీ.
"గీ టైంల రసీదెందుకమ్మా?" అన్నడు సేటు.

ఇప్పుడు గోడ మీద సుద్దతోని ధరలుంటయి.
వెదుర్లు, కుండ, పేలాలు, బట్ట.
గజంబద్ద గిరాకీ చేతికే ఇచ్చి
కొలుసుకోమంట.
ఎవ్వరూ కొలువరు.

నిన్నొక పిల్లగాడు, ఇరవై ఏండ్లుండవు,
కొలిచిండు. మల్ల కొలిచిండు.
బెత్తెడు ఎక్కువే వచ్చింది.
బద్ద కింద పెట్టకుండ
అట్లనే దాన్ని పట్టుకొని ఏడ్చిండు.