పదకొండు మీటర్లు

బుడాపెస్ట్‌లో, నేలకింది గదిలో
మంగళవారం మధ్యాహ్నాలు మాకు రాత్రులు.
ఒక వారం పోలండ్, ఒక వారం పోర్చుగల్.
దేశాన్ని బట్టి మారేది
కత్తెర పట్టిన చేతికి ఉంగరం ఉందా లేదా అన్నదే
అంటారు మా ఓడోన్ మాస్టారు,
తన చమత్కారానికి తనే దగ్గుతూ.

మా దేశం వంతు వచ్చింది.
ఆ రోజుల్లో ఇక్కడ సినిమాలకు మూడు అరలు:
పోషించేవి, ఓర్చుకునేవి, పూడ్చిపెట్టేవి.
ఇది రెండో అరలోది.
మే డే ఊరేగింపు. జెండాలు, బాకాలు,
వేదిక మీద వరసగా టోపీలు.
ఉన్నట్టుండి ఒక అతుకు.
బాకా ఊదేవాడి బుగ్గ ఉబ్బి ఉండగానే
వాన వెలిసిన వీధి వచ్చేసింది.

పదకొండు మీటర్లు లేవు, అన్నారు మాస్టారు దీపం వేసి.
అంటే ఇరవై నాలుగు సెకన్లు.
అందులో ఏముండేదో రాసుకు రండి.

రాసుకొచ్చాం.
ఎమోకె తుపాకి రాసింది.
సిలార్డ్ వాళ్ల తాత అరెస్టు రాశాడు, తేదీతో సహా.
నేను పన్నెండు పేజీలు రాశాను,
అడుగున చీమల బారులా నలభై ఒక్క ఆధారాలతో.
లేనిదానికి అన్ని ఆధారాలు దొరకడం
అప్పుడు నాకు వింతగా తోచలేదు.

పై వారం యోలాన్ గారు వచ్చారు.
ఎనభై ఆరేళ్లు. పసుపు ట్రాము దిగి,
కాఫీ డబ్బా ఒకటి చంకన పెట్టుకుని.
ఆ సినిమా కోసిన చెయ్యి ఆవిడది.

ఏం కోశారు?
"ఆవలింత."

వెనక వరసలో జెండా పట్టుకున్న ఒకడు,
రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చాడో ఏమో,
నాయకుడి బొమ్మ కింద నిలబడి
దవడలు ఊడేలా ఆవలించాడట.
"కెమెరా చూసింది. డైరెక్టరు మురిసిపోయాడు.
నేను కోసేశాను."

ఎవరు కొయ్యమన్నారు?
"ఎవరూ అనలేదు.
అప్పటివాళ్లు మీకు తెలీదు నాన్నా,
ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లు.
వాడి పేగులు వాడికే ఉండనీ అనుకున్నాను."
చేతిగుడ్డ నాలుగు మడతలు పెట్టి, విప్పి,
"నా పేగుల గురించే అనుకున్నానేమో. గుర్తు లేదు.
డైరెక్టరు పోయేదాకా నాతో మాట్లాడలేదు.
ఆవలించినవాడికి సంగతే తెలీదు."

మూడో పేజీలో నేను 'పిరికితనం' అని రాశాను.
కొట్టేద్దామని పెన్ను తీశాను.
తీసి, పట్టుకు కూర్చున్నాను.

మధ్యలో టీకి వదిలినప్పుడు నోటీసు బోర్డు చూశాం.
'దేశాల సినిమాలు, వాటి రాజకీయాలు'
వచ్చే ఏడాదికి 'దేశాల సినిమాలు' అయింది.
పైనించి కాగితం ఏమైనా వచ్చిందా అని అడిగితే
ఆఫీసులో బోర్బాలా గారు కుండీకి నీళ్లు పోస్తూ
ఏమీ రాలేదమ్మా, ముందుజాగ్రత్త, అంది.
పొట్టిగా ఉంటే చూడ్డానికీ బాగుంటుంది, అంది.
ఆవిడ మంచి మనిషే.
నా ఫీజు గడువు రెండుసార్లు పొడిగించింది.

కాఫీ డబ్బా మూత తీస్తే
ఊరగాయ పాడైన వాసన.
ఫిల్ము ముడుచుకుపోయింది, ఏ మెషినూ ఎక్కించుకోదు.
మెట్లెక్కి వసారా కిటికీ వెలుగుకు పట్టాం.
యోలాన్ గారు పూలు మూరవేసేదానిలా
వేళ్లతో జరుపుతూ పోతుంటే
గడి గడికీ గోరంత గోరంత
ఆ నోరు తెరుచుకుంటోంది.
జెండా కొద్దిగా ఒరిగింది.
కంటి కొసన తడి కూడా కనిపించింది,
లేదా అది ఫిల్ము మీది మరకేమో.
సిలార్డ్ గళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి
ఎనభై దగ్గర మానేశాడు.
అవతల ట్రాము ఆగి, జనాన్ని దించి, వెళ్లిపోయింది.

నాకూ ఆవలింత వచ్చింది.
చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.