వేలిముద్ర పడట్లేదు

రేషన్ డీలరు మూడోసారి అన్నాడు:
"నూకరత్నం, నీ వేలు పడట్లేదు,
చెంగుకి తుడిచి మళ్ళీ పెట్టు."
ముప్పయ్యేళ్ళు పొలుసు గీకిన వేలు.
గీతలన్నీ ఎప్పుడో వశిష్ఠలో కలిసిపోయాయి.
నల్లడబ్బా ఎర్రదీపం వెలిగించి కీచుమంది.

ఈ వేలి సంగతి డబ్బాకేం తెలుసు.

నర్సాపురం మిషనాసుపత్రి వంటింట్లో
నేను అంట్లు తోమే రోజుల్లో
సిస్టర్ బ్రిజిడ్ ఉండేది, ఐర్లాండు మనిషి.
అది పునీతురాలి పేరని మఠంలో చెప్పారట,
అంతకుముందే నిప్పుని కాచే దేవత పేరని వాళ్ళ నాయనమ్మ.
"రెండూ నిజమే, ముందు పొయ్యి ఆరనివ్వకు" అనేది
ఊక పొయ్యిలోకి వంగి ఊదుతూ.

శ్రావణంలో ఎర్రనీరు దిగితే
రేవు మెట్ల మీద కూర్చుని
వాళ్ళ ఏటి పుట్టుక చెప్పేది, సగం తెలుగులో.
బోయాన్ అని ఒకావిడ. పేరుకి అర్థం తెల్లావు.
తిరగొద్దన్న బావి చుట్టూ
ఎడమవైపుగా మూడుసార్లు తిరిగిందట.
బావి పొంగి, కన్నూ చెయ్యీ కాలూ లాక్కుపోయి
ఆవిణ్ణే ఏరు చేసి సముద్రందాకా తరిమిందట.

మా అమ్మ చింతపండు పిసుకుతూ అంది:
"మాదీ ఆవు మూలంగానే వచ్చిందండి, ఆయ్.
గౌతముడు గడ్డిపరక విసిరితే చచ్చిన ఆవు."
ఇద్దరూ కాసేపు నీళ్ళకేసి చూశారు,
ఒకే ఇంటి తోడికోడళ్ళలా.

తొంభయ్యారు తుపానులో
అంతర్వేది పల్లిపాలెంలో మా చినాన్న
వలతాడుతో తాటిచెట్టుకి కట్టేసుకున్నాడు.
మూడోనాడు దొరికాడు, నిలబడే.
సిస్టర్ ఏడవలేదు.
"మా కుహూలిన్ కూడా అంతే," అంది,
"పొట్ట చీలితే రాతికి నడుం కట్టుకున్నాడు.
భుజం మీద కాకి వాలేదాకా
శత్రువెవడూ దగ్గరికి రాలేదు."
మా చినాన్న భుజం మీద కాకి లేదు.
ఆ వారం లంకల్లో కాకులే లేవు.

మరుసటేడు, కాలు నయమైన జాలరొకడు
పులస తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.
"మా ఏట్లోనూ ఒక చేపుండేది," అని మొదలెట్టింది.
"బావిలో రాలిన కాయలు తిని
లోకంలోని తెలివంతా ఒంట్లో దాచుకుంది.
ఒక పండితుడు ఏడేళ్ళు కాపేసి పట్టాడు,
వండమని కుర్రాడికిచ్చాడు, రుచి చూడొద్దన్నాడు.
తోలు మీద బొబ్బ లేస్తే
ఫిన్ బొటనవేల్తో నొక్కాడు,
కాలింది, నోట్లో పెట్టుకున్నాడు.
ఏడేళ్ళ కాపు పెద్దాయనది, తెలివి పిల్లాడిది."

దాకలో పులుసు కుతకుతలాడుతోంది.
దించబోతే నా వేలు కాలింది.
కావాలని కాదు.
కొంచెం కావాలనే.
నోట్లో పెట్టుకున్నాను.
సిస్టర్ గరిట గాల్లో ఆగిపోయింది:
"ఏం తెలిసింది?"
"ఉప్పు చాల్లేదండి."
నవ్వి నవ్వి ఆవిడకి పొలమారింది.

ఇంకోటీ తెలిసింది, చెప్పలేదు.
ఆవిడ ముక్క ముట్టుకోకపోవడం ఇష్టం లేక కాదని,
ముల్లు కనిపించనంతగా చూపు పోయిందని.
ఆ రాత్రి పళ్ళెం నా వైపు లాక్కుని
పులస ముళ్ళన్నీ ఒక్కొక్కటే తీశాను.
ఏమీ అడగలేదు. తినింది.

"తడి చేసి పెట్టు" అన్నాడు డీలరు, నాలుగోసారి,
ఈలోపు నా బియ్యం కాటాకెత్తుతూ.
బొటనవేలు నోట్లో పెట్టుకున్నాను.
ఉప్పగా, పాత మచ్చ గరుగ్గా.
డబ్బా పచ్చగా వెలిగిందో లేదో చూడలేదు.
"అయ్యా," అన్నాను,
"మీ వేలు కాటా మీంచి తియ్యండి."